చెన్నపట్నమున గడచిన బాల్యములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



పల్లెటూరి గ్రంథాలయపు రజతోత్సవమున మహానగరపు బాల్యస్మృతులను గూర్చి ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. దానికి సమాధానము పాత తెలుగు పుస్తకముల ముఖపత్రములలోనే కలదు. వానిని తిరుగవేసి చూచినచో, పెక్కింటి యడుగున ముద్రణస్థలము ‘చెన్నపురి’ యనియో, ‘మద్రాసు’ అనియో కానవచ్చును. వావిళ్లవారి ముద్రణాలయము నెలకొన్నది అచటనే. 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టిన ఆంధ్రపత్రిక 1914లో అచటికి తరలి దినపత్రిక యయ్యెను. 1924లో భారతి, 1947లో చందమామ అచటనుండియే వెలువడినవి. పల్లెలోని పిల్లలు చదువుకొనిన అక్షరము ఏ వీధులలో అచ్చుపడెనో, ఆ వీధులలో పెరిగిన తెలుగు పిల్లల కథ పల్లెకు పరాయిది కాదు.

ఆ పట్నమునకు తెలుగువారు వెళ్లిన దారులు పెక్కు. దామర్ల చెన్నప్ప నాయకుని పేరిట చెన్నపట్నమను పేరు కలిగినదని చెప్పుదురు. ఆంగ్లేయులు 1639లో అచట స్థలము సంపాదించిన నాటినుండియు వర్తకులు, దుబాసీలు, నేతపనివారు చేరుచునే యుండిరి. పిమ్మట సచివాలయములో గుమాస్తాపని దొరకినవారు, హైకోర్టులో వ్యాజ్యములు గలవారు, కళాశాలలో చేరిన విద్యార్థులు, కొత్వాలుచావడిలో కూరగాయల బేరము చేయువారు, బకింగుహాము కాలువమీద పడవలు నడుపువారు, కూలికై బయలుదేరినవారు, తరువాత చలనచిత్రములలో పని వెదకికొన్నవారు వెళ్లిరి. వీరందరి వెంట పిల్లలు వెళ్లిరి. చరిత్ర గ్రంథములలో పెద్దల పేర్లున్నవి; పిల్లలు చూచినది మాత్రము మిక్కిలి తక్కువగా వ్రాయబడినది.

వ్రాసినవారు లేకపోలేదు. పేదకుటుంబమున పుట్టి, బాల్యముననే ఒంగోలు ప్రాంతమునుండి చెన్నపట్నము చేరి, వైద్యమున పేరుపొంది, 1928లో గృహలక్ష్మి పత్రికను స్థాపించిన డాక్టరు కె.యన్. కేసరిగారు ‘చిన్ననాటి ముచ్చట్లు’ అను గ్రంథమున ఆ నాటి పట్నపు బ్రదుకును వర్ణించిరి. అట్టి గ్రంథములు వ్రేళ్లమీద లెక్కింపదగినవి. తక్కిన జ్ఞాపకములన్నియు మనుమల చెవులలో పడినంతవరకే నిలిచినవి.

ఆ జ్ఞాపకములలో మొదట వినబడునది భాష. షావుకారుపేటలోను, చింతాద్రిపేటలోను పెరిగిన తెలుగు బాలునకు ఇంట తెలుగు, వీధిలో అరవము, బడిలో ఆంగ్లము. మూడును కలిసిన మాటలతో అతడు బంతియాట ఆడెను. వేసవి సెలవులకు స్వగ్రామము వచ్చినప్పుడు తాతగారి యింట అతని పలుకు విని నవ్వెడివారు. పట్నమునకు మరలినప్పుడు పల్లెమాటలు విని తోడివారు నవ్వెడివారు. రెండు చోట్లను కొంత పరాయితనము, రెండు చోట్లను కొంత స్వంతము: పట్నపు బాల్యమునకు ఇది మొదటి పాఠము.

రెండవది యిరుకు. తిరువల్లిక్కేణి, మైలాపూరు ప్రాంతములలో ‘స్టోరు’ అనబడు ఇండ్లుండెడివి. నడుమ ఒక వాకిలి, దాని కిరువైపుల వరుసగా గదులు, ఒక్కొక్క వాటాలో ఒక్కొక్క కుటుంబము, అందరికి కలిపి ఒకటే నీటి కుళాయి. తెల్లవారుజామున బిందెల చప్పుడు, వంతులకై వాదము, పాలవాడు ఆవును గుమ్మము ముందర నిలిపి కన్నులయెదుటనే పితికి యిచ్చుట, ఒకరి వంటింటి తిరుగమోత వాసన పదిమందికి తెలియుట ఆ జీవనమున నిత్యకృత్యములు. దాపరికమునకు చోటు లేదు. కాని తల్లి జబ్బుపడిన యింటి పిల్లలు పస్తుండుటకు కూడ చోటు లేకుండెను. ప్రక్కవాటా అరవ అవ్వ పిలిచి అన్నము పెట్టెడిది.

మూడవది వీధి. 1895 మొదలు 1953 ఏప్రిలు వరకు చెన్నపట్నపు వీధులలో విద్యుచ్ఛక్తితో ట్రాములు నడిచినవి. నిదానముగ సాగుచు, పాదముతో తొక్కిన గంట మ్రోగించుచు పోవు ఆ బండి పిల్లలకు పాఠశాల వంటిదే. ఏ వీధి ఏ వీధిలో కలియునో, ఏ వేళకు ఎవ్వరు పనికి పోవుదురో దాని కిటికీనుండియే నేర్చిరి. జట్కాలు, చేతితో లాగు రిక్షాలు దాని ప్రక్కన సాగెడివి. హైకోర్టు గోపురముమీద 1894 మొదలు 1977 వరకు దీపస్తంభ ముండెను. రాత్రులయందు తిరుగు ఆ వెలుగును చూచుచు నిద్రించిన పిల్లలు జార్జిటౌనులో ఎందరో.

నాల్గవది పుస్తకము. 1896లో తెరువబడిన కన్నెమరా గ్రంథాలయమున పెద్దలు చదువుకొనుచుండగా, పిల్లల గ్రంథాలయము మూరుమార్కెట్టు. సెంట్రల్ స్టేషను ప్రక్కన 1900లో తెరువబడిన ఆ యెఱ్ఱని కట్టడపు చుట్టును పాత పుస్తకముల దుకాణములుండెడివి. ఒక పుస్తకము కొని, చదివి, తిరిగి అమ్మి, మరియొకటి కొనుటకు కొంచెము డబ్బుతో ఒక వేసవియంతయు గడచెడిది. 1985లో ఆ కట్టడము అగ్నికి ఆహుతి యయ్యెను. దానిని గూర్చి చెప్పునపుడు ఆ నాటి పిల్లలు, నేటి వృద్ధులు, ఒక బంధువు మరణమును చెప్పినట్లే చెప్పుదురు.

అయిదవది రేడియో. 1930లో చెన్నపురి కార్పొరేషను స్వయముగ ప్రసారములు మొదలిడి, సముద్రతీరమునను ఉద్యానములందును ధ్వనివర్ధకములతో వినిపించెను. ఇంట రేడియో లేని పిల్లలు ఇసుకలో కూర్చుండి సంగీతము వినిరి. 1938 జూనులో ఆలిండియా రేడియో కేంద్రము వచ్చినది. ‘రేడియో అన్నయ్య’ న్యాయపతి రాఘవరావుగారును, ‘అక్కయ్య’ కామేశ్వరిగారును తెలుగు పిల్లలను మైకు ముందునకు తెచ్చిరి. 1945లో ‘బాల’ పత్రికను స్థాపించిరి. పెద్దలు మాటలాడుచుండగా నోరు మెదపరాదని నేర్చిన పిల్లలకు, తమ కంఠము ఊళ్లు దాటి పోవునని తెలిసిన దినములవి.

ఇంతవరకు చెప్పినవి తీపి జ్ఞాపకములు. భయముతో గూడినవియు కలవు. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి జర్మను యుద్ధనౌక ఎమ్డెన్ గుండ్లు పేల్చగా రేవులోని చమురు తొట్లు మండినవి. ఇరువదియేడేండ్లు గడచిన పిదప, 1942 ఏప్రిలులో, జపానువారు వచ్చుచున్నారను భీతితో పట్నము సగము ఖాళీయైనది. జంతుప్రదర్శనశాలలోని క్రూరమృగములు బోనులు తెంచుకొనునేమో యని వానిని కాల్చివేసిరి. ఆదివారము ఏ సింహమును చూచి వచ్చిరో, ఆ సింహము చంపబడినదని విన్న పిల్లలకు యుద్ధమనగా నేమో అప్పుడు తెలిసినది. తెలుగు కుటుంబములు మూటలు కట్టుకొని ఉత్తరమునకు బయలుదేరినవి. కాని అదే నెల 6వ తేదీన విశాఖపట్నము, కాకినాడలమీదనే బాంబులు పడియుండెను. భద్రమైన చోటెక్కడ యను ప్రశ్నకు పెద్దలయొద్దను సమాధానము లేకుండెను.

పదేండ్లకు వేరొక ప్రశ్న వచ్చినది. 1952 అక్టోబరు 19న మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి యింట పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్ష పూనిరి. డిసెంబరు 15న అసువులు బాసిరి. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగ ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. చెన్నపట్నము అందు చేరలేదు. అది న్యాయమా అన్యాయమా యని పెద్దలు వాదించిరి. పిల్లలకు వాదము లేదు, వియోగమే కలదు. ఒకే కుళాయిక్రింద నీళ్లు పట్టిన రెండు భాషల పిల్లలు, ‘పట్నమెవరిది?’ యను మాటను మొదటిసారి వినిరి. ఉద్యోగుల కుటుంబములు కర్నూలునకు తరలినవి. అచట కార్యాలయములే గుడారములలో నడచినవి. 1954లో హైకోర్టు గుంటూరున వెలసినది. వెళ్లినవారి పిల్లలకు పుట్టినయూరు పొరుగు రాష్ట్రమైనది. ఉండిపోయినవారి పిల్లలకు మాతృభాష ఇంటిభాషగ మిగిలినది. రెండు విధముల నష్టములును స్వభాషారాష్ట్ర మేర్పడిన సంతోషమున వినబడకుండ పోయినవి.

ఇచట ఒక హెచ్చరిక చెప్పవలసి యున్నది. జ్ఞాపకము మధురమగుటచేతనే సత్యమని తలపరాదు. ట్రాముల గంటను తలచువారు, రిక్షా లాగిన మనిషి రొప్పును తలచుట అరుదు. చేతిరిక్షాలు 1970 దశకము వరకు తొలగలేదు. స్టోరు కుళాయి యిరుకని చెప్పువారికి, కూవము నది యొడ్డు గుడిసెలలో ఆ కుళాయి కూడ లేదని తోచదు. 1920లో థౌజండ్ లైట్స్ ప్రాంతపు కార్పొరేషను పాఠశాలలో, పిట్టి త్యాగరాయశెట్టిగారి పాలనలో, బీదపిల్లలకు మధ్యాహ్న ఫలాహారము పెట్టిరి. ఆకలి బడిని మాన్పించుచున్న దనుటకు అదియే సాక్ష్యము. చదువు మధ్యలో ఆగిన ఆడపిల్లల సంగతియు అంతే. 1937 ప్రాంతమున దుర్గాబాయిగారు మైలాపూరున ఆంధ్రమహిళాసభకు పునాది వేసి, స్త్రీలను పరీక్షలకు సిద్ధపరచుట అవసరమైనదన్నచో, ఎందరికి బడి తలుపు మూతబడెనో యూహింపవచ్చును. వ్రాయనేర్చినవారి జ్ఞాపకములే మిగిలినచో పట్నమున వ్రాయనేర్చినవారే బ్రదికినట్లగును.

జ్ఞాపకము కాలమును కూడ తారుమారు చేయును. 1955లో ట్రామెక్కితినని ఒకరు చెప్పినచో, ట్రాములు రెండేండ్ల మునుపే ఆగినవని పరిశీలకుడు గుర్తింపవలెను. 1935లో సముద్రతీరమున ఆలిండియా రేడియో వింటినని మరియొకరు చెప్పినచో, అది కార్పొరేషను ప్రసారమని తెలిసికొనవలెను. అంతమాత్రముచేత చెప్పినవారు అసత్యవాదులు కారు. ఇసుకలో కూర్చుండి పాట వినుట సత్యము. పేరు మాత్రము తరువాత వచ్చి చేరినది. తేదీని పుస్తకము దిద్దును. ఇసుక వెచ్చదనమును ఏ పుస్తకమును చెప్పజాలదు. గ్రంథాలయమునకు రెండును కావలెను.

గ్రంథాలయోద్యమమునకును ఆ పట్నమునకును గల సంబంధము మరువరానిది. 1924 మొదలు మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగ నున్న రంగనాథన్‌గారు 1931లో గ్రంథాలయశాస్త్ర పంచసూత్రములను ప్రకటించిరి. పుస్తకములు ఉపయోగమునకే యనునది అందు మొదటిది. 1948లో వచ్చిన మద్రాసు గ్రంథాలయ శాసనమే తొలుత ఆంధ్ర ప్రాంతమునకును వర్తించినది. 1960లో ఆంధ్రప్రదేశమునకు వేరు శాసనమయ్యెను.

1996లో మద్రాసు అధికారముగ చెన్నై యయ్యెను. ఆ సంవత్సరమే కొత్వాలుచావడి టోకు బజారు కోయంబేడునకు తరలెను. ట్రాము ఆగిన దినమున పదేండ్ల బాలుడు నేడు ఎనుబది దాటిన వృద్ధుడు. పట్నమునుండి సెలవులకు వచ్చి పల్లెలో నిలిచిపోయినవారు, పట్నమున పుట్టి ఇచటికి కోడండ్రుగ వచ్చినవారు ప్రతి గ్రామమునను ఒకరిద్దరుందురు. వారిని అడుగుటకు మిగిలిన కాలము కొంచెము.

కావున రజతోత్సవ సందర్భమున చేయదగిన పని యొకటి కలదు. గ్రంథాలయమున ఒక గట్టి అట్టపుస్తకము నుంచవలెను. ఉన్నతపాఠశాల విద్యార్థులు పెద్దల యింటికి పోయి వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొని రావలెను. ఏ యేడు, ఏ వీధి, ఏ పని, నీరు ఎచటినుండి, బియ్యము ఏ ధర, ఇంట ఏ భాష, బడికి పోనివారెవరు, పోకుండుటకు కారణమేమి యని అడుగవలెను. చదువురాని వారిని ముందుగ అడుగవలెను. చదివినవారు ఎప్పుడైన తామే వ్రాసికొందురు. వ్రాసినదానిని తిరిగి చదివి వినిపించి, తారీఖు వేసి భద్రపరుపవలెను. దీనికి ధనము పెద్దగ అక్కరలేదు. ఓపికతో వినువారు కావలెను.

ఇరువదియైదేండ్లు ఈ గ్రంథాలయము ఊరివారికి ఇతరులు వ్రాసిన పుస్తకముల నిచ్చినది. రాబోవు ఇరువదియైదేండ్లలో ఊరివారు చెప్పిన పుస్తకము నొకదానిని అది తన బీరువాలో చేర్చుకొనుగాక.