పాటలో మాట వినపడాలి: చిన్న స్పీకరే మనకు పరీక్ష

(యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంట్లో తయారుచేసుకున్న పాటను బయటికి వదిలే ముందు చవక స్పీకర్లలో విని సరిచూసుకోవడం గురించి మాట్లాడమన్నారు. వినడానికి ఇది చిన్న విషయమే. కానీ మన భాష మనుగడ దీంతో ముడిపడి ఉంది.

గోర్‌బోలీకి అందరూ వాడే సొంత లిపి లేదు. ఇక్కడ మనం తెలుగు అక్షరాల్లో రాసుకుంటాం. మహారాష్ట్రలో దేవనాగరిలో, కర్ణాటకలో కన్నడ లిపిలో రాసుకుంటారు. దేవరకొండలో రాసిన పాటను యవత్మాల్ తండాలో చదవలేకపోవచ్చు. పాడితే మాత్రం అర్థం చేసుకుంటారు. అంటే మన మాట చెవి దారిలోనే ప్రయాణిస్తుంది. ఆ దారిలో బేస్ అడ్డం పడితే దరువు ఒక్కటే చేరుతుంది, మాట చేరదు.

మన పాట ఎవరు, ఎక్కడ వింటారో ఆలోచించండి. పాలమూరు నుంచి ముంబై, పుణె పనులకు పోయినవాళ్లు ఫోన్ పక్కన పెట్టుకుని వింటారు. ఇక్కడ ఆటోలో, ట్రాక్టర్లో, తీజ్ నాడు డీజే బాక్సులో వింటారు. ఖరీదైన స్టూడియో స్పీకర్ల ముందు కూర్చుని వినేవాళ్లు మనలో ఎందరు?

పెద్ద స్టూడియోలవాళ్లూ ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. ఆరాటోన్ అనే చిన్న చదరపు స్పీకర్లు వాళ్ల బల్లల మీద ఉండేవి. సాదా రేడియోలో పాట ఎలా వినిపిస్తుందో తెలుసుకోవడానికే అవి. 1982లో వచ్చిన మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' ఆల్బమ్‌కు పనిచేసిన బ్రూస్ స్వీడియన్ కూడా వాటిని వాడేవారు. యమహా ఎన్ఎస్-10 అయితే 1978లో ఇళ్లలో వాడుకునే స్పీకర్‌గా వచ్చి, తర్వాత ప్రపంచమంతటా స్టూడియోల్లో స్థిరపడింది.

ఇక పని విషయానికి వద్దాం. మనిషి చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వింటుంది. ఫోన్‌లోని చిన్న స్పీకర్ 200, 300 హెర్ట్జ్‌ల కింద చాలా బలహీనం. నగారా గుండె దెబ్బ అంతా ఆ కిందనే ఉంటుంది. అందుకే హెడ్‌ఫోన్లో దద్దరిల్లిన నగారా ఫోన్లో మాయమవుతుంది. అప్పుడు చాలామంది బేస్ పెంచేస్తారు. ఫోన్లో అప్పటికీ రాదు, డీజే బాక్సులో మాత్రం ఇల్లు అదిరి పాట మునిగిపోతుంది. దానికి బదులు నగారా ట్రాక్‌కు కొంచెం శాచురేషన్ ఇవ్వండి. పై స్వరాలు పుడతాయి. వాటిని విని లేని అడుగు స్వరాన్ని మన చెవి తనే ఊహించుకుంటుంది.

మాట స్పష్టత 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య ఎక్కువగా ఉంటుంది. హల్లులు తేలేది అక్కడే. థాలీ మోత, ఘుగ్రీల గలగల, కీబోర్డు శబ్దాలు కూడా అక్కడికే వచ్చి చేరతాయి. గొంతును పెంచుకుంటూ పోవడం కాదు, పాడుతున్నంతసేపు వాటిని కొంచెం తగ్గించాలి. ఢావ్లో విషయంలో మరీ జాగ్రత్త. పెళ్లికూతురి ఏడుపులో గొంతు జీరపోవడం, ఊపిరి తెగడం, అదే ఆ పాట ప్రాణం. రివర్బ్ ఎక్కువైతే చిన్న స్పీకర్లో అదంతా మసకబారుతుంది.

సరిచూసే పద్ధతి ఇది. మొదట సౌండ్ బాగా తగ్గించి వినండి. తక్కువ సౌండ్‌లో చెవికి బేస్ తక్కువ అందుతుంది, అప్పుడు గొంతు నిలబడిందో లేదో తెలుస్తుంది. తర్వాత ఫోన్ స్పీకర్లో పెట్టి పక్క గదిలోకి వెళ్లి వినండి. మూడోది మోనో. చవక బ్లూటూత్ బాక్సుల్లో చాలావాటికి కుడి ఎడమలు కలిసి ఒక్కటైపోతాయి. అలా కలిసినప్పుడు కోరస్ పలచబడితే మీ స్టీరియో ఎఫెక్టులో తప్పుంది. నాలుగోది ఆటో గానీ, ట్రాక్టర్ గానీ. ఇంజన్ నడుస్తుండగానే వినండి. ప్రతిచోటా మీకు నచ్చిన, బాగా మిక్స్ అయిన పాట ఒకటి పక్కన పెట్టుకుని పోల్చండి.

విన్నచోటే మార్పులు చేయకండి. కాగితం మీద రాసుకోండి. ఒక్క స్పీకర్లోనే కనిపించిన లోపం ఆ స్పీకర్‌దే కావచ్చు. మూడింటిలో కనిపిస్తే అది మీ మిక్స్‌లోదే. చవక స్పీకర్‌కు తగ్గట్టు పాట చేయమని నేను చెప్పడం లేదు. దాన్ని సాక్షిగా పిలవమంటున్నాను.

ఇంకో సాక్షి మీ ఇంట్లోనే ఉంది. పాట ముందు తెలియని ముసలి యాడీకి ఫోన్లో ఒక్కసారి వినిపించి, ఏ మాటలు వినపడ్డాయో చెప్పమనండి. ఆమెకు అందని పంక్తి దగ్గర మీ పని మిగిలి ఉన్నట్టే. అదే కూర్చోబెట్టినప్పుడు, మీరు తప్పుగా పలికిన గోర్‌బోలీ మాటను కూడా ఆమె సరిదిద్దుతుంది. ఏ మిషనూ చేయలేని పని అది.

తీజ్ తొమ్మిది రోజులు పాటలతో గడిచే పండుగ. హోళీకి లేంగీలున్నాయి. ఆ పాటలు తెలిసిన పెద్దలు ఏటా తగ్గిపోతున్నారు. వాళ్ల గొంతులు ఇప్పుడే రికార్డు చేయండి, ఏ మార్పూ చేయని అసలు ఫైలును విడిగా దాచండి. దానిమీద డీజే మిక్స్ ఎన్నైనా చేసుకోవచ్చు. మాట పోతే మాత్రం మళ్లీ తేలేం.

సెలవు. రాం రాం.