మంచు కొండల టూరు ప్రోగ్రాం

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు పదిహేను నిమిషాలు కేటాయించారు. విషయం నా ఇష్టానికి వదిలేశారు. డి.ఏ. బకాయిల గురించీ హెల్త్ కార్డుల గురించీ నాకన్నా బాగా తెలిసినవారు ఈ వేదిక మీదే ఉన్నారు. అందుచేత నేను మన ఊరికి ఏ సంబంధమూ లేనట్టు కనిపించే విషయం ఒకటి ఎత్తుకుంటున్నాను. ఉత్తర దేశాల కొండల్లో, మనుషులు లేని చోట, మంచు మీద కాళ్ళకు స్కీలు కట్టుకుని రోజుల తరబడి వెళ్ళేవారు ఆ ప్రయాణానికి ఏర్పాట్లు ఎలా చేసుకుంటారన్నది ఆ విషయం.

వెనక వరసలో నవ్వుతున్నారు. నవ్వండి, ఫరవాలేదు. కాని ఈ హాల్లో కూర్చున్న వారిలో చాలామందికి కొడుకో కూతురో మనవడో విదేశంలో ఉన్నారు. వాళ్ళు ఫోనులో “ట్రిప్పుకి వెళ్తున్నాం” అంటారు. మనం “జాగ్రత్త నాయనా” అంటాం. అక్కడితో సరి. ఏ ట్రిప్పో మనం అడగం, వాళ్ళు చెప్పరు.

మా మనవరాలు స్వీడన్‌లో చదువుకుంటోంది. వచ్చే మార్చి నెలాఖరున మరో ముగ్గురితో కలిసి ఇటువంటి ప్రయాణం పెట్టుకుంది. ఇంట్లో పెద్ద రగడ అయింది. “మీరు చెబితే వింటుంది, వద్దని చెప్పండి నాన్నా” అన్నాడు మా పెద్దవాడు. మా ఇంటావిడ అన్నం మానేసినంత పని చేసింది. నేను మాత్రం, “అమ్మా, నీ టూరు ప్రోగ్రాం కాగితం మీద పెట్టి పంపించు. చూసి చెబుతాను” అన్నాను. నా సర్వీసులో పద్నాలుగేళ్ళు అధికారుల టూరు ప్రోగ్రాములు, టి.ఏ. బిల్లులు చూసే సీట్లో గడిచాయి. మనిషి బయలుదేరే ముందు రాసిన కాగితం చూస్తే ఆ మనిషి ఎంత ఆలోచించాడో తెలిసిపోతుంది. ఇది నాకు ఆఫీసు నేర్పిన విద్య.

స్కీయింగ్ రెండు రకాలు. ఒకటి మన గుల్మార్గ్‌లో చూసేది. తీగమార్గం మీద పైకి తీసుకుపోతారు, అక్కడినుంచి జారుకుంటూ కిందికి వస్తారు. చుట్టూ జనం, కింద టీ కొట్టు. రెండోది మేము రగడ పడినది. అందులో తీగమార్గం లేదు, దారి చదును చేసేవారు లేరు. ఎక్కేటప్పుడు స్కీల అడుగున ఒక పట్టీ అంటిస్తారు. పూర్వం సీల్ జంతువు తోలు వాడేవారట, ఇప్పుడు మొహేర్ ఉన్నితోనో నైలానుతోనో చేస్తున్నారు. దాని నూగు ఒకే వైపుకు ఉంటుంది కనుక ముందుకు జారుతుంది, వెనక్కి జారదు. దిగేటప్పుడు ఊడదీసి సంచిలో పెట్టుకుంటారు. సామాను వీపున మోసుకుంటారు, లేదా చిన్న బండిలో పెట్టి నడుముకు కట్టుకుని లాక్కుంటారు.

ఆమె పంపిన దారి పేరు కుంగ్స్‌లేడెన్. మన భాషలో రాజమార్గం అనుకోవచ్చు. ఉత్తరాన అబిస్కో నుంచి దక్షిణాన హేమావన్ వరకు సుమారు 440 కిలోమీటర్లు ఉంటుంది. సామీ అనే జాతివారు రెయిన్‌డీర్ మందలు తోలుకునే ప్రాంతం అది. వీళ్ళు వెళ్ళేది ఉత్తరపు కొస మాత్రమే. అబిస్కో నుంచి నిక్కలువొక్తా వరకు 105 కిలోమీటర్ల పైచిలుకు. అబిస్కో ఆర్కిటిక్ రేఖకు ఉత్తరంగా దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో ఉంది. స్టాక్‌హోం నుంచి రాత్రి రైలు అక్కడిదాకా పోతుంది. దారి పొడుగునా కర్రల మీద ఎర్రటి ఇంటూ గుర్తులు పాతి ఉంటాయి. పది, ఇరవై కిలోమీటర్ల కొకటి చొప్పున చెక్క బసలున్నాయి. అందులో పొయ్యి, కట్టెలు, పడకలు ఉంటాయి. కట్టెలు మనమే కొట్టుకోవాలి, నీళ్ళు మనమే తెచ్చుకోవాలి, పోయేటప్పుడు తరువాత వచ్చేవారికి కట్టెలు, నీళ్ళు సిద్ధం చేసి పోవాలి. ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది. మన ట్రావెలర్స్ బంగళాల సంగతి ఇక్కడ ఎత్తను.

మార్చి నెలాఖరే ఎందుకు అని అడిగాను. డిసెంబరులో అక్కడ కొన్ని వారాలపాటు సూర్యుడు ఉదయించడు. ఫిబ్రవరిలో చలి సున్నాకు 30 డిగ్రీల కిందికి కూడా పోతుంది. మార్చి చివరికి పదమూడు గంటల పగలు వస్తుంది, మంచు గట్టిపడి ఉంటుంది. మే వచ్చేసరికి ఏళ్ళ మీది మంచు కరుగుతుంది. కనుక ఈ ఐదారు వారాలే అనువైనవి. సరైన సమాధానం. టిక్కు పెట్టాను.

ఇక మొదటి ప్రోగ్రాం ఇలా ఉంది. మొదటి రోజు 15 కిలోమీటర్లు, రెండో రోజు 20, మూడో రోజు చెక్త్యా కనుమ దాటి సెల్కా బసకు 25, నాలుగో రోజు కెబ్నెకైసె పర్వత కేంద్రానికి మరో 26, ఐదో రోజు 19 పోయి నిక్కలువొక్తా, అక్కడినుంచి బస్సులో కిరునా, అదే రాత్రి రైలు. చదవగానే నాకు మన పాత ఇంజనీరు గారొకరు జ్ఞాపకం వచ్చారు. ఆయన టూరు ప్రోగ్రాంలో జీపు ఎప్పుడూ పంక్చర్ కాదు, వాగు ఎప్పుడూ పొంగదు.

నేను ఆడిట్ వారి ధోరణిలో ప్రశ్నలు రాసి పంపాను. తుపాను వస్తే ఏ రోజు కూర్చుంటారు? కనుమ మీదికి ఎన్ని గంటలకల్లా చేరాలి, చేరకపోతే ఏం చేస్తారు? రైలు టిక్కెట్టు డబ్బు వాపసు వస్తుందా? ఈ చివరి ప్రశ్నకు పిల్ల నవ్వింది. నవ్వే విషయం కాదు. వాపసు రాని టిక్కెట్టు జేబులో ఉన్న మనిషి ఆకాశం వంక చూడడు, గడియారం వంక చూస్తాడు.

గాలి సంగతి ఒకటి చెప్పాలి. మనకు చలి అంటే థర్మామీటరే. అక్కడ చంపేది గాలి. చలి సున్నాకు దిగువ 15 డిగ్రీలు ఉన్నప్పుడు గంటకు 54 కిలోమీటర్ల గాలి వీచిందంటే ఒంటికి అది దిగువ 29 డిగ్రీల లాగ తగులుతుంది. 1978 ఫిబ్రవరి 24న స్వీడన్‌లోనే అనారిస్ కొండల్లో తొమ్మండుగురు స్కీల మీద వెళ్ళి అకస్మాత్తుగా వచ్చిన తుపానులో చిక్కుకున్నారు. ఒక్కరు మాత్రమే బతికారు. పొరుగున ఉన్న నార్వేలో 1967 ఈస్టర్ సెలవుల్లో వరసగా ప్రమాదాలు జరిగాక, కొండకు వెళ్ళేవారు పాటించవలసిన నియమాలు దేశమంతటా ప్రచారం చేశారు. అవి తొమ్మిది. వేళ మించకముందే వెనక్కి తిరగాలి, తిరగడం నామర్దా కాదు అన్నది అందులో ఒకటి. ఆ దేశంలో పిల్లలకు కూడా ఈ మాట కంఠతా వచ్చునట.

ఇంకొక పెద్ద కేసు ఉంది. రష్యాలో ఉత్తర ఉరల్ పర్వతాల్లో 1959లో జరిగింది. ఇగోర్ ద్యాత్లోవ్ అనే ఇంజనీరింగు విద్యార్థి నాయకత్వంలో పదిమంది స్కీ యాత్రకు బయలుదేరారు. జనవరి 28న యూరి యూదిన్ అనే అతను నొప్పుల వల్ల వెనక్కి తిరిగాడు. మిగతా తొమ్మిదిమంది ముందుకు పోయారు. వాళ్ళు తెలివితక్కువవారు కారు. అనుభవం ఉన్నవారు. తిరుగు ప్రయాణానికి అవసరమైన తిండి, సామాను అడవిలో ఒకచోట దాచి బరువు తగ్గించుకున్నారు. ఫిబ్రవరి 1 సాయంత్రం చెట్టు చేమ లేని ఒక కొండవాలు మీద మంచు తవ్వి గుడారం వేశారు. ఆ రాత్రి గుడారాన్ని లోపలినుంచి కోసుకుని, సరైన చెప్పులు కూడా లేకుండా కిందనున్న అడవిలోకి పరుగెత్తారు. తొమ్మండుగురూ చనిపోయారు.

ఈ సంఘటన మీద ఎన్నో కట్టుకథలు పుట్టాయి. 2020లో రష్యా ప్రాసిక్యూటర్ల విచారణ అది మంచుచరియ వల్లనేనని తేల్చింది. 2021లో స్విట్జర్లాండ్‌లో పనిచేస్తున్న గోమ్, పుజ్రిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు లెక్క కట్టి చూపించారు. గుడారం కోసం వాలును కోయడం, తరువాత గాలి రాత్రంతా పైనుంచి మంచు తెచ్చి పేర్చడం, ఈ రెండూ కలిసి కొన్ని గంటల తరువాత పైపలక విరిగి పడి ఉండవచ్చునన్నారు. అందరూ ఒప్పుకున్నారని కాదు. నాకు మాత్రం ఇదే సబబుగా తోస్తుంది. చెరువు కట్ట కింద మట్టి తవ్వితే ఏమవుతుందో మన ఇరిగేషన్ మిత్రులకు చెప్పనక్కర లేదు.

మంచుచరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో విరిగిపడతాయి. అందుకని మనవరాలి బృందంలో ప్రతి ఒక్కరి దగ్గరా సంకేతాలు పంపే చిన్న యంత్రం, మంచులో గుచ్చి వెతికే పొడుగాటి కడ్డీ, పార ఉంటాయి. మునిగినవారిని పది పదిహేను నిమిషాల్లో తీస్తే బతికే ఆశ బాగా ఉంటుంది, అరగంట దాటితే చాలా తగ్గిపోతుంది. అంటే బయటినుంచి ఎవరో వచ్చి తీస్తారన్న మాట లేదు. పక్కనున్నవారే తీయాలి. ఒంటరిగా వెళ్ళకూడదనడానికి ఇంతకన్నా కారణం అక్కర లేదు. మన నెల్లూరు జిల్లా వాడు మల్లి మస్తాన్ బాబు, 2006లో ఏడు ఖండాల శిఖరాలు 172 రోజుల్లో ఎక్కిన ధీరుడు, 2015లో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా వెళ్ళినప్పుడే మనకు దక్కకుండా పోయాడు.

ద్యాత్లోవ్ కేసులో నాకు కాగితం సంబంధమైన విషయం ఒకటి కనబడింది. ఫిబ్రవరి 12 నాటికి విజాయ్ అనే ఊరునుంచి టెలిగ్రాం ఇస్తామని చెప్పి వెళ్ళారు. వెనక్కి తిరిగిన స్నేహితుడితో నాయకుడు, ఇంకా కొన్ని రోజులు ఆలస్యం కావచ్చునని నోటిమాటగా అన్నాడు. దాంతో 12 దాటినా ఎవరికీ తొందర పుట్టలేదు. తల్లిదండ్రులు ఒత్తిడి చేస్తే 20న వెతకడం మొదలుపెట్టారు, 26న గుడారం దొరికింది. ఆ రాత్రే పోయినవారికి ఎనిమిది రోజుల ముందు వెతికినా ఒరిగేదేమీ లేదు, అది నిజమే. అయితే ఎవరో కాలు విరిగి గుడారంలో బతికే ఉండి ఉంటే? గడువు తేదీని నోటిమాటతో జరిపితే, దానికోసం కాచుకునేవారికి ఎప్పుడు లేవాలో తెలియదు.

ఇక్కడ మా ఇంట్లో అసలు చర్చ జరిగింది. “రోజూ సాయంత్రం ఫోను చెయ్యమను” అని మా ఇంటావిడ పట్టుబట్టింది. పిల్ల ఓపికగా చెప్పింది. “నాయనమ్మా, ఆ దారిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. ఉపగ్రహం ద్వారా చిన్న సందేశం పంపే పరికరం ఉంది గాని చలికి బ్యాటరీ దిగిపోవచ్చు. రోజూ చేస్తానని మాటిస్తే, ఒకరోజు రాకపోతే నువ్వు రాత్రంతా ఏడుస్తావు. అక్కడ నేను నీకు ఫోను చెయ్యాలని తుపానులో బయలుదేరతాను.” ఈ చివరి మాటకు మా ఇంటావిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “అయితే చెయ్యొద్దులే” అంది.

ఇప్పుడు ఖాయమైన ఏర్పాటు ఇది. కాచుకునే మనిషి స్వీడన్‌లోనే ఉండాలి. అక్కడ కొండల్లో వెతికే పని పోలీసు శాఖ కింద ఉంది, 112కి చేయాలి. మనం ఇక్కడినుంచి 112 నొక్కితే మన పోలీసులే పలుకుతారు. అందుకని ఆమె ఇంటి యజమానురాలు, అరవై దాటిన స్త్రీ, ఆ బాధ్యత తీసుకుంది. ఆమె దగ్గర నలుగురి పేర్లు, జాకెట్ల రంగులు, ఏ రాత్రి ఏ బస, గడువు తేదీ, గంటా రాసిన కాగితం ఉంటుంది. దారిలో ప్రతి బసలో ఉన్న పుస్తకంలో వీళ్ళు ఎక్కడికి పోతున్నారో రాసి వెళ్తారు. అది మన మూవ్‌మెంట్ రిజిస్టరే.

సవరించిన ప్రోగ్రాం కూడా వచ్చింది. ఐదు రోజులు ఆరయ్యాయి, అదనంగా రెండు రోజులు ఖాళీ పెట్టారు, రైలు ఎనిమిదో రోజు రాత్రికి మారింది. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా కనుమ మీదికి చేరకపోతే, కనుమకు ఇవతలే ఉన్న చెక్త్యా బసకు తిరిగి వచ్చి పడుకుంటారు. నలుగురిలో ఏ ఒక్కరు వెనక్కి అన్నా నలుగురూ వెనక్కే, ఓటింగు లేదు. ఈ షరతు నేను పెట్టింది కాదు, వాళ్ళే రాసుకున్నారు. అది చదివాకనే మా పెద్దవాడికి ఫోను చేసి నాకు అభ్యంతరం లేదని చెప్పాను. వాడికి ఇంకా పూర్తిగా మనసొప్పలేదు. తండ్రి కదా.

తిండి విషయంలో మా ఇంటావిడకు కొంత ఊరట కలిగింది. బరువు లాక్కుంటూ చలిలో నడిచే మనిషికి రోజుకు నాలుగువేల కేలరీల పైన కావాలట. ఆవకాయ పంపుతానంటే సీసా వద్దన్నారు. బరువు ఒక కారణం, నూనె పేరుకుపోవడం మరొకటి. పల్లీ చిక్కీ, కందిపొడి మాత్రం మంజూరయ్యాయి. బెల్లమూ పల్లీలూ ఆ పనికి మహా బాగా సరిపోతాయని నలుగురూ ఒప్పుకున్నారు. రెండు కిలోలు ఈ నెలలోనే పార్సెల్ చేశాం. మనకు ప్రాణమైన నూలు బట్ట మాత్రం అక్కడ శత్రువు. చెమటకు తడిస్తే ఆరదు, నిలబడగానే ఒళ్ళు గడ్డకడుతుంది. ఉన్ని కట్టాలి, ఎక్కేముందే ఒక పొర విప్పాలి, ఆగగానే మళ్ళీ తొడగాలి.

మిగిలింది ఒకే ఒక్క చిక్కు. ఐరోపాలో మార్చి చివరి ఆదివారంనాడు గడియారాలు ఒక గంట ముందుకు జరుపుతారు. సరిగ్గా ఈ ప్రయాణం మధ్యలో ఆ ఆదివారం పడింది. అంటే బయలుదేరేనాటికి మనకూ వాళ్ళకూ తేడా నాలుగున్నర గంటలు, తిరిగివచ్చేనాటికి మూడున్నర. గడువు అక్కడ సాయంత్రం ఆరు. మనకు అది రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది గాని పదిన్నర కాదు. ఆ సంగతి కాలెండరులో ఎర్ర సిరాతో రాసి పెట్టాను. తొమ్మిదిన్నరదాకా ఎవరూ ఎవరికీ ఫోను చేయకూడదు, తరువాత ఇంటి యజమానురాలికి మా పెద్దవాడు ఒక్కడే చేయాలి. మా ఇంటావిడ కూడా దీనికి ఒప్పుకుని, కింద సంతకం పెట్టింది.

ఆ కాగితం నకళ్ళు కొన్ని తెచ్చాను. మీ పిల్లలెవరైనా ఇటువంటి ప్రయాణం పెట్టుకుంటే పేర్లు, తేదీలు మార్చి వాడుకోవచ్చు. కావలసినవారు టీ సమయంలో నన్ను కలవండి.