తెరిచేముందు ఒక్క క్షణం
(సామర్లకోటలో జరిగిన మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకొనే నన్ను కంప్యూటరు గురించి మాట్లాడమన్నారు. ముందుగా నా తప్పొకటి ఒప్పుకొంటాను. స్కాలర్‌షిప్ దరఖాస్తుల రోజుల్లో మన ఆఫీసు కంప్యూటరులో ఫారాలు తెరిచేది నేనే. "అప్‌డేట్ చేసుకోండి" అని తెర మీద కనిపించినప్పుడల్లా "తర్వాత" అని నొక్కేవాణ్ణి. అలా నెలలు గడిచిపోయాయి. ఆ కంప్యూటరులోనే మన పిల్లల ఆధార్ కాపీలు, పింఛను కోసం వితంతువులిచ్చిన బ్యాంకు పుస్తకాల నకళ్ళు ఉన్నాయి. అవి మన దగ్గర ఉంచిన అమానత్.

కాగితం చదివితే ఏం ప్రమాదం అంటారేమో. కాగితాన్ని మన కళ్ళు చదువుతాయి. కంప్యూటరులో మాత్రం మనకంటే ముందు ఒక ప్రోగ్రాము చదివి, ఆ తర్వాతే మనకు చూపిస్తుంది. లోపం అందులో ఉంటుంది. ఒక దరఖాస్తు ఫారం అనుకోండి. పేరు గడిలో ఇరవై అక్షరాలకే చోటు. ఒకడు కావాలని వంద అక్షరాలు రాశాడు. అవి పొంగి, పక్కనున్న "అధికారి ఉత్తర్వు" గడిలో పడ్డాయి. గుమాస్తా దాన్నే ఉత్తర్వనుకొని అమలు చేశాడు! దొంగ పత్రం చేసే పని సరిగ్గా ఇదే.

పీడీఎఫ్‌ను 1993లో తెచ్చింది అడోబీ సంస్థ. హైదరాబాదులో పుట్టి ఉస్మానియాలో చదివిన శంతను నారాయణ్ 2007లో ముఖ్యాధికారి అయినది ఆ సంస్థకే. స్కాన్ చేసిన పేజీలను కుదించే జేబిగ్2 అనే పద్ధతి ఒకటుంది. దాన్ని చదివే భాగంలో లోపముందని 2009 ఫిబ్రవరిలో బయటపడింది, మార్చిలో మరమ్మతు వచ్చింది. 2021లో అదే పద్ధతిని చదివే మరో ప్రోగ్రాములో, ఈసారి ఐఫోన్‌లో, ఇంకో లోపం దొరికింది. బొమ్మ పేరుతో వచ్చిన పీడీఎఫ్ ద్వారా, మనిషి వేలు కూడా పెట్టకుండానే, పెగాసస్ అనే గూఢచారి ప్రోగ్రాము ఫోన్లలో చేరింది. టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్ వారు దాన్ని పట్టుకొన్నారు. సెప్టెంబరు 13న యాపిల్ మరమ్మతు విడుదల చేసింది. ఎంత పెద్ద సంస్థకైనా పొరపాటు తప్పదు. కాని మరమ్మతు వచ్చాక వేసుకోకపోవడం మన పొరపాటు.

రెండో రకం మోసం ఇంకా సులువు. పెళ్ళి పత్రిక అంటూ వాట్సాప్‌లో ఫైలు వస్తుంది. పేరు చివర "ఏపీకే" అని ఉంటే అది పత్రికే కాదు, ఫోనులో దిగే ప్రోగ్రాము. మన ఇళ్ళలో నిఖా పత్రిక వస్తే ఎవరు మాత్రం తెరవరు? ఆ అభిమానమే దొంగకు తాళంచెవి.

కనుక నా మనవి ఇది. అప్‌డేట్ వస్తే ఆ రోజే చేయండి. పాత విండోస్ వాడకండి. విండోస్ 10కి కూడా 2025 అక్టోబరు 14తో మామూలు మరమ్మతులు ఆగిపోయాయి. అనుకోని ఫైలు వస్తే, పంపినవారికి ఫోన్ చేసి "మీరేనా పంపింది?" అని అడగండి. అడిగితే ఎవరూ చిన్నబుచ్చుకోరు. డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి.

నేను "తర్వాత" అని నొక్కడం మానేశాను. పరుల అమానత్ చేతిలో ఉన్నవాడికి ఆ మాట తగదు. సెలవు.