చేతిపంపు రక్షణ



త్రిపురాంతకం మెట్ట ప్రాంతము. వేసవిలో చెరువులు ఎండినచో పెక్కు పల్లెలకు చేతిపంపే దిక్కు. అది ఆగిన దినమున స్త్రీలు బిందెలతో పొలముల వెంట నడువవలసి వచ్చును.

1970ల దశకమున మన దేశములో రూపొందిన ఇండియా మార్క్-2 పంపు మిక్కిలి గట్టిది. అయినను నీటిలో ఉప్పు హెచ్చుగానున్నచోట ఇనుప గొట్టములకు తుప్పు పట్టును. రాపిడికి లోపలి వాషరులు అరుగును. సముద్రమున గాలము వేయువారు వేట ముగియగనే గాలపు చక్రమును మంచినీట కడిగి, దాని బ్రేకును వదులుచేసి భద్రపరచుదురు. ఊరి పంపునకును అట్టి నిత్యశ్రద్ధ కావలెను.

పంపు ఆగకముందే గుర్తులు చూపును. చాలసేపు కొట్టినగాని నీరు రానిచో అడుగు వాల్వు నీటిని నిలుపుట లేదని, లేదా గొట్టము చిల్లిపడినదని అనుమానింపవలెను. బావిలో నీరున్నను ధార సన్నగిల్లినచో వాషరులను చూడవలెను. నీరు ఎఱ్ఱబారినచో తుప్పును శంకింపవలెను.

నెలకొకమారు గొలుసునకు గ్రీజు పూయించి, బోల్టులు బిగింపించుడు. వాషరులను ముందుగానే కొని పంచాయతీ కార్యాలయమున ఉంచుడు. ఊరిలో ఇద్దరికి, అందొకరు స్త్రీ అగునట్లు, ఈ పని నేర్పించుడు. ప్రతి మరమ్మతును తేదీతో పుస్తకమున వ్రాయించుడు.

చిన్న వాషరు లేనందున ఊరంతయు దప్పిగొనుట మనకు తగదు.