అక్షరం దగ్గర తడబడే బిడ్డకు మనమే తోడు
(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో యానాది, ఎరుకల, సుగాలి పిల్లలు ఎందరో హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్నారు. వాళ్ళలో ఒక బిడ్డ నాలుగో తరగతికి వచ్చినా వాక్యం చదవలేకపోతే, "మీవాళ్ళకు చదువెక్కడ వస్తుంది" అనే మాట తేలిగ్గా వచ్చేస్తుంది. ఒక బిడ్డ ఇబ్బందిని జాతి మొత్తానికి అంటగట్టే మాట అది. ఆ మాటతో ఆ బిడ్డకు అసలు ఏం కావాలో ఎవరూ చూడరు. బిడ్డ బడి మానేస్తుంది.

చదవలేకపోవడానికి ముఖ్యంగా మూడు కారణాలుంటాయి. మొదటిది ఇంటి భాష. తండాలో గోర్ బోలి, ఎరుకల ఇళ్ళలో ఎరుకల భాష వింటూ పెరిగిన బిడ్డకు బడి తెలుగు కొత్త. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో బంజారాతో సహా 8 గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టింది ఇందుకే. రెండోది వలస. అమ్మానాయన ఇటుక బట్టీలకు పోతే బిడ్డకు నెలల చదువు పోతుంది. మూడోది డిస్లెక్సియా.

డిస్లెక్సియా ఉంటే తెలివి తక్కువని కాదు. మాటలోని శబ్దాలను విడదీసి అక్షరాలతో జతచేయడం ఆ బిడ్డకు కష్టమవుతుంది. 'పలు'కూ 'పాలు'కూ తేడా నిలవదు. 'అమ్మ'లో ఒత్తు జారిపోతుంది. కథ వింటే మాత్రం చక్కగా తిరిగి చెబుతుంది. మొదట్లో పిల్లలందరూ తడబడతారు. అదే భాష, అదే హాజరు ఉన్న తోటిపిల్లలు చదువుతున్నా, రోజూ విడిగా నేర్పినా పట్టుబడకపోతే అప్పుడు అనుమానించాలి. నిర్ధారణ మాత్రం నిపుణులే చేయాలి.

మీలో డీఎడ్, బీఎడ్ చదివేవాళ్ళున్నారు. ఈ పాఠాన్ని పరీక్షతో వదిలేయకండి. ముందు పలకా పుస్తకం లేకుండా చప్పట్లతో మాటను విడగొట్టించండి: చి-త్తూ-రు. తర్వాత రెండు మూడు అక్షరాలే తీసుకోండి. నోటితో పలుకుతూ ఇసుకలో వేలితో దిద్దించండి. అవి గట్టిపడ్డాకే గుణింతం, ఆ తర్వాతే ఒత్తులు. పక్కన కూర్చుని కలిసి చదవండి. అందరి ముందు లేపి చదివించొద్దు. చదవలేకపోయినా పాఠం అర్థమైందో లేదో నోటితో అడగండి.

2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఇలాంటి అభ్యసన వైకల్యాలూ ఉన్నాయి. వీటిని వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధన అందించాలని ఆ చట్టమే చెబుతోంది. మండలంలో భవిత కేంద్రం ఉంటే అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయులను కలవండి. ఇది దయ కాదు, మన బిడ్డ హక్కు.

బయటినుంచి వచ్చిన టీచరుకు లేనిది మీకుంది. బిడ్డ ఇంటి భాష మీకొచ్చు. వలస ఎప్పుడు పోయారో మీకు తెలుసు. ఈ మూడు కారణాల్లో ఏదో చెప్పడానికి టీచరుకు మీ సాయం కావాలి. ఈ సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఒక్క బిడ్డ పక్కన రోజూ 20 నిమిషాలు కూర్చోండి. ఏది చదవగలదో, ఎక్కడ ఆగిపోతుందో రాసి పెట్టండి. ఆ కాగితం టీచరు చేతికివ్వండి. మిగతా పని అక్కడ మొదలవుతుంది.