యోగక్షేమములు: కడలి దాటిన తెలుగువారు, అడవి విడువని గోండులు

(అమీరుపేటలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మన సంఘముయొక్క ఆర్థికాభివృద్ధిని గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను అర్థశాస్త్ర పండితుడను గాను. ముప్పదినాలుగేండ్లు పిల్లలకు తెలుగును సంస్కృతమును చెప్పి విశ్రాంతి గైకొన్న యుపాధ్యాయుడను. అయినను వారి కోరికను నేను కాదనలేదు. దానికి నాదగు కారణమొకటి కలదు. దానిని చివర మనవి చేసెదను.

నేటి యుదయమున నేను పంజాగుట్ట కూడలియొద్ద దిగి యిచటికి నడచి వచ్చితిని. మైత్రీవనము చుట్టుప్రక్కల సందులలో గోడలన్నియు శిక్షణసంస్థల పలకలతో నిండియున్నవి. మెస్సుల ముందు కుఱ్ఱవాండ్రు బారులు తీరియున్నారు. శ్రీకాకుళమునుండి వచ్చినవాడును పాలమూరునుండి వచ్చినవాడును ఒకే గదిలో మంచములు వేసికొని కంప్యూటరు విద్య నేర్చుచున్నారు. పలువురి చూపు సముద్రముల కావల నున్నది. వారిని చూడగా, వారికి ఎంతో ముందే కడలి దాటిన తెలుగువారు నాకు జ్ఞప్తికి వచ్చిరి. వారి వెంటనే, తాతలనాటి యడవిని ఎన్నడును విడువని మఱియొక జనము జ్ఞప్తికి వచ్చెను. ఆ యిరువురి స్థితిగతులను సరిపోల్చి చూచుటయే నేటి నా ప్రసంగవిషయము.

మనము జాబులలో “మీ యోగక్షేమములు తెలుపవలెను” అని వ్రాయుచుందుము గాని యా మాట యర్థమును తలంపము. లేనిదానిని సంపాదించుట యోగము. ఉన్నదానిని కాపాడుకొనుట క్షేమము. ఒక జనసమూహము బాగుపడినదో చెడినదో తూచుటకు ఇంతకంటె మంచి త్రాసు నాకు దొరకలేదు. ఈ త్రాసులో మొదట కడలి దాటినవారిని పెట్టి చూతము.

బ్రిటిషువారు మారిషస్ దీవిలో 1835లో బానిసత్వమును రద్దుచేసిరి. అచటి చెఱకుతోటల యజమానులకు పనివారు కావలసి వచ్చిరి. అందుచే 1834 మొదలుకొని మన దేశమునుండి అయిదేండ్ల యొప్పందములపై కూలీలను ఓడల కెక్కించిరి. ‘అగ్రిమెంటు’ అను మాటయే కూలీల నోట ‘గిర్మిటి’ యయ్యెను. కాలక్రమమున ఆ యొక్క దీవికే దాదాపు నాలుగున్నర లక్షలమంది చేరిరి. వారిలో గోదావరి, విశాఖపట్టణము, గంజాము ప్రాంతముల తెలుగువారును కలరు. కాకినాడ చేరువనున్న కోరంగి రేవు పేరనే అచటను బర్మాలోను తెలుగువారికి కోరంగీలను పేరు వచ్చెను.

వారు వెంట తీసికొనిపోయిన యాస్తి ఏమియు లేదు. ఒకదినము పనికి రాకున్న రెండుదినముల కూలిని కోసివేయుచుండిరి. 1867 నాటి చట్టముచే, ఒప్పందము తీరిన కూలి సయితము తన ఛాయాచిత్రము అంటించిన పత్రమును వెంట నుంచుకొనవలసి వచ్చెను. అది లేనిచో చెఱసాలయే గతి. ఇట్టి స్థితిలో 1871లో ఆడాల్ఫ్ ద ప్లెవిట్స్ అను ఐరోపా సంతతివాడు ఆ కూలీల బాధలనెల్ల ఒక విజ్ఞాపనముగా వ్రాసిపెట్టెను. తొమ్మిదివేలకు మించిన భారతీయులు దానిపై తమ గుర్తులు పెట్టిరి. తోటల యజమానులు ఆ లేఖకునిపై మండిపడిరి. అయినను మరుసటియేడు రాజాజ్ఞచే విచారణసంఘము వచ్చెను. చదువురాని వేలమందికి ఒక్కని కలము తోడయిన ఫలమది.

తరువాత 1880 ప్రాంతముల పంచదార ధరలు పడిపోయెను. యజమానులు తోటల యంచుల భూములను ముక్కలుచేసి అమ్మజూపిరి. ఒప్పందము తీరిన కూలీలు, అందును ముందుగా వారి సర్దారులు, పైసపైస కూడబెట్టి వాయిదాలపై వానిని కొనిరి. 1948 ఎన్నికలనాటికి, దీవిలోని ఏదో యొక భాషలో చదువను వ్రాయను వచ్చినవానికి ఓటుహక్కు వచ్చెను. రాత్రివేళ దీపము పెట్టుకొని అక్షరములు దిద్దినవారు పగలు ఓటు వేసిరి. 1968లో దేశము స్వతంత్రమయ్యెను. 1977లో మాధ్యమిక విద్య ఉచితమయ్యెను. కూలి మనుమడు ఉపాధ్యాయుడును, వైద్యుడును, మంత్రియు కాగలిగెను. అచటి తెలుగువారు సంఖ్యకు స్వల్పులే యైనను ఆంధ్ర మహాసభను నెలకొల్పుకొని, పాఠశాలలలో తెలుగును నిలుపుకొనిరి. పెద్ద తోటలును పెద్ద వ్యాపారములును నేటికిని చాలవఱకు పాత ఫ్రెంచి కుటుంబములవారి చేతనే యున్నవి గనుక అచట స్వర్గము దిగివచ్చినదని నేననను. కాని చేత చిల్లిగవ్వ లేక దిగినవారు యోగమును సాధించిరి. సాధించినదానికి దస్తావేజు నుంచుకొని క్షేమమును గూడ సాధించిరి.

ఇక త్రాసు రెండవ తట్టను చూతము. ఇందుకై సముద్రము దాటనక్కఱలేదు. ఈ నగరమునుండి రాత్రి బస్సెక్కిన తెల్లవారునప్పటికి ఉట్నూరు చేరవచ్చును.

ఆదిలాబాదు గోండులు ఒకనాడు రాజ్యములేలినవారు. చాందా కోట వారిదే. వారికి భూమి కలదు, పశువులు కలవు, అడవి కలదు. లేనిదొక్కటే, కాగితము. దున్నినవానిదే చేను అని వారెఱిగిన న్యాయము. నిజాము ప్రభుత్వము అడవులకు హద్దులు గీచి, ఆ గీతలోపల పడిన పల్లెలను ఖాళీ చేయించెను. రైలును రోడ్లును రాగా బయటి రైతులును వడ్డీవ్యాపారులును వచ్చి, గోండులు దున్నుచున్న చేలకే తమ పేర పట్టాలు పొందిరి. కొమురం భీము జోడేఘాటు కొండలలో ఎదురు నిలిచి 1940లో తుపాకిగుండ్లకు ప్రాణము లర్పించెను.

ఆ పిమ్మట ప్రభుత్వము కన్ను తెఱచెను. హైమన్‌డార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుని పిలిపించి స్థితిగతులను విచారింపజేసెను. మార్లవాయి గ్రామమున 1943లో గోండు ఉపాధ్యాయులకు శిక్షణాలయము వెలసెను. గోండి భాషలో వాచకములు వచ్చెను. ఆ దశాబ్దమున వేలాది కుటుంబములకు పట్టాలు చేరెను. 1959లో గిరిజనుల భూమి బయటివారి చేతికి పోరాదని చట్టము వచ్చెను. 1963లో అది తెలంగాణమునకును వర్తించెను. 1970 సవరణమున నిబంధన మఱింత బిగిసెను. కావున వారికి పట్టాయు వచ్చెను, దానిని కాచుటకు చట్టమును వచ్చెను. అయినను భూములు చేజారుట ఆగలేదు. 1981 ఏప్రిలు 20వ తేదీన ఇంద్రవెల్లిలో భూములకై సభ చేయబూనిన గిరిజనులపై పోలీసు కాల్పులు జరిగెను. ప్రభుత్వము చెప్పిన లెక్కయే 13 మంది మరణించిరని. మొన్న 2023లో సయితము తెలంగాణ ప్రభుత్వము సుమారు 4 లక్షల యెకరముల పోడుభూములకు పట్టా లీయవలసి వచ్చినదన్నచో, ఎనుబదియేండ్లయినను ఆ లెక్క తెగలేదని యర్థము.

ఇది మన దేశమునకే చెల్లిన కథ కాదు. జమైకాలో 1838లో బానిసలకు పూర్తి విముక్తి కలిగెను. బ్రిటిషు సామ్రాజ్యమందలి బానిసల యజమానులకు నష్టపరిహారముగా రెండుకోట్ల పౌనులు కేటాయించిరి గాని విముక్తులకు ఏమియు నీయలేదు. అయినను వారు గ్రామములు కట్టుకొని, తోటలు వేసికొని 1962 నాటికి స్వరాజ్యము తెచ్చుకొనిరి. అదే ఖండమున అపాచీ జనులు స్వంత భూమిమీదనే యుండియు 1870ల నాటికి హద్దులు గీచిన కేటాయింపు భూములలో బందీలవలె నైరి. అచట ఖనిజము కనబడినపుడెల్ల ఆ హద్దులును లోనికి జరిగినవి. జమైకాలోను బీదఱికము కలదు. అపాచీలలోను అడవి కలపచే, పశువులచే బాగుపడినవారు కలరు. కాని పోలిక స్పష్టము. పెకలింపబడి మఱియొకచోట నాటుకొన్నవానికంటె, తన చోటనే నిలిచినవాని వేళ్లను ఒక్కొక్కటిగా నఱకుట యెక్కుడు సులభమైనది.

దీనికి రక్తమో జాతిగుణమో కారణమని చెప్పువారు మన సభలలోను కలరు. “మనవారు కష్టజీవులు, వారు సోమరులు” అనుట వినుటకు ఇంపుగా నుండును. అది సత్యము గాదు. గోండు రైతు మండుటెండలో నాగలి పట్టుట నేను కన్నులార చూచితిని. నాకు తోచిన కారణములు మూడు. మారిషస్ కూలికి తన పేర దస్తావేజు పుట్టెను, దానిని న్యాయస్థానము మన్నించెను. భారతసంతతివారు ఆ దీవిలో అధికసంఖ్యాకులైరి గనుక వారి ఓటు పాలకులను మార్చగలిగెను; గోండులో, తమ గడ్డమీదనే అల్పసంఖ్యాకులైరి. మూడవది, కూలికి అక్షరము తోడు వచ్చెను. గోండునకు అక్షరము ఎదురు వచ్చెను.

ఈ మూడవదానిని గూర్చియే నేను నేడు నిలిచి మాటలాడుట.

1983లో నేను ఉట్నూరు ప్రాంతపు ఒక పాఠశాలలో తెలుగు పండితుడనై చేరితిని. నా తరగతిలో ఒక గోండు బాలుడుండెను. అమరము నేర్పగా తక్కిన పిల్లలకంటె త్వరగా పట్టుకొనుచుండెను. ఆ యూరిలో పత్తి కొనుచు అప్పులిచ్చు వ్యాపారి యొకడు మన కులస్థుడే. పండుగకు నన్ను భోజనమునకు పిలుచుచుండెడివాడు. ఒకనాటి సాయంకాలము అతడు నా గదికి వచ్చి “పంతులుగారూ, మీ దస్తూరి ముత్యాల లెక్క ఉంటది, ఓ కాగితం రాసిపెట్టుండ్రి” అనెను. వెంట ఆ బాలుని తండ్రి యుండెను. విత్తనములకును పెండ్లికిని తెచ్చిన అప్పు. నూటికి నెలకు మూడురూపాయల వడ్డీ. బాకీ తీరువఱకు చేను ఋణదాత దున్నుకొనును. పంట వడ్డీక్రింద పోవును. అసలు అట్లే యుండును. ఇది నేను వ్రాసిన కాగితపు సారాంశము.

వ్రాసి చదివి వినిపించితిని. ఆ తండ్రికి తెలుగు కొంచెమే వచ్చును. “సారూ, మీరు రాసిన కాగితమైతే నిజమే ఉంటది” అని బొటనవ్రేలు ముందుకు చాపెను. సిరా అద్దినవాడను నేనే.

మరుసటి యేడు ఆ బాలుడు బడికి రాలేదు. విచారింపగా, తండ్రి చేనిలోనే వ్యాపారి యెడ్ల వెంట నడచుచు కనబడెను. నన్ను చూచి చేతులు జోడించెను. అట్టి కాగితము చట్టమునకు చెల్లదని నాకు ఆనాడు తెలియదు. నిజము చెప్పవలెనన్న, తెలిసికొనగోరలేదు. తెలిసిన తరువాతను నోరు మెదపలేదు. మూడేండ్లకు బదిలీయై వచ్చివేసితిని. ఆ తండ్రి మోసపోయినది వ్యాపారిని నమ్మి కాదు, ఉపాధ్యాయుని నమ్మి. ప్లెవిట్స్ చేతిలోనిదియు కలమే, నా చేతిలోనిదియు కలమే.

సోదరులారా, మన కులముయొక్క యోగమును గూర్చి ఈ సంచికలో ఎన్నో వ్యాసములు ముద్రింపబడుచున్నవి. మనవారు సంపాదించిన మేడలు, మిల్లులు, పదవులు లెక్కింపబడినవి. సంతోషమే. కాని మన యోగము ఒకని క్షేమమును భంగపఱచి వచ్చినదైనచో, ఆ పద్దును గూడ మన లెక్కలోనే వ్రాయవలెను. వ్రాయని బాకీ తీరిన బాకీ కాదు.

అందుచే ఈ మహాసభకు మూడు ప్రార్థనలు చేయుచున్నాను. మన సభ్యులలో ఎవరికైనను ఏజెన్సీ భూములలో ఇట్టి కాగితములు ఇనుపపెట్టెలలో నున్నచో, వానిని తీసి చూచి, చేను ఎవరిదో వారికి అప్పగింపవలెను. రెండవది, అమీరుపేటలో మన విద్యార్థులకై కట్టదలచిన వసతిగృహమున రెండు స్థానములు గోండు బాలబాలికలకు కేటాయింపవలెను. ఇది దానముగా కాదు, బాకీ చెల్లింపుగా చేయవలెను. మూడవది, ఆ గృహమున చదువుకొను మన పిల్లలు నెలకొక ఆదివారమైనను, చదువురానివారికి అర్జీలు వ్రాసిపెట్టవలెను. ఈ నగరమున నిమ్స్ ఆసుపత్రి వాకిట నిలిచి చూచినను అట్టివారు కనబడుదురు.

రెండవదానికి నా వంతుగా ఒక నెల పింఛను కార్యదర్శిగారి చేతిలో ఉంచుచున్నాను. మొదటిదానికి ఎవరైనను ముందుకు వచ్చినచో, చేను తిరిగి యిచ్చు పత్రమును నేనే వచ్చి వ్రాసిపెట్టెదను. నా దస్తూరి యింకను చెడలేదు.

ఆ బాలునికి నేడు యాబది దాటి యుండును. వచ్చే పుష్యమాసమున కెస్లాపురపు నాగోబా జాతరకు పోయి అతనిని వెదకవలెనని సంకల్పించితిని. దొరకినచో చెప్పవలసిన మాటను ఇంటిలో పలుమారులు అనుకొంటిని. ముందుగా మీ యెదుట చెప్పితిని.