టూరిజం దిర్హామ్: ఆ పది ఎవరి పైసలు?

 

దుబాయ్‌లో ట్యాక్స్ లేదని మనం ఊళ్ళో గొప్పగా చెప్పుకుంటాం. జీతం మీద లేదు, నిజమే. కానీ ఫ్లాట్ కిరాయికి తీసుకున్నవాళ్ళు ఒకసారి దేవా బిల్లు తీసి చూడండి. కరెంటు, నీళ్ళ కింద హౌసింగ్ ఫీజు అని ఇంకో లైన్ ఉంటుంది. ఏడాది కిరాయిలో 5 శాతాన్ని నెలనెలా అందులో కలిపి తీసుకుంటారు. నేను మూడేళ్ళు కట్టిన తర్వాత గానీ ఆ లైన్ చదవలేదు. చదవని అలవాటే నన్ను ముంచింది. ఈరోజు చెప్పేది ఆ సంగతే.

మా పెద్దమ్మాయి ఇంటర్‌కు వచ్చిందని ఇంట్లోవాళ్ళను జగిత్యాల పంపించాను. ఇక్కడ సింగిల్ బెడ్రూమ్ ఫ్లాట్, ఈజారీ నా పేరు మీద, కిరాయి చెక్కులు ముందే ఇచ్చేశాను. కంపెనీ నాకు సైట్ దగ్గర రూమ్ ఇస్తానంది. అప్పుడే మా పక్క మండలం అతను ఒకడు వచ్చాడు. "అన్నా, ఫ్లాట్ ఖాళీగ ఎందుకు పెడ్తవ్? టూరిస్టులకు రోజుల లెక్కన ఇద్దాం. పర్మిట్ నీ పేరు మీద తీస్త, గెస్టులను నేనే చూసుకుంట, నీకు నెలకింత పంపిస్త" అన్నాడు. ఓనర్ దగ్గర ఎన్‌ఓసీ కూడా అతనే రాయించుకొచ్చాడు. నేను సంతకం పెట్టాను. పని తప్పు కాదు, పర్మిట్ ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను.

ఇక్కడ రూల్ ఏంటో చెప్తాను. దుబాయ్‌లో ఇల్లు రోజుల లెక్కన ఇవ్వాలంటే హాలిడే హోమ్ పర్మిట్ ఉండాలి. 2013లోనే దీనికి డిక్రీ తెచ్చారు. ఇప్పుడు చూసేది ఎకానమీ, టూరిజం డిపార్ట్‌మెంట్. కిరాయిదారు పెట్టాలంటే ఓనర్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అది లేకుండా ఇంకొకరికి ఇస్తే ఇల్లు ఖాళీ చేయించే హక్కు ఓనర్‌కు ఉంది. పర్మిట్ వచ్చాక దాంతోపాటే టూరిజం దిర్హామ్ వస్తుంది. 2014లో ముందు హోటళ్ళకు పెట్టారు, గదికి రాత్రికి 7 నుంచి 20 దిర్హాముల దాకా. హాలిడే హోమ్‌కు లెక్క ఇంకా సులువు. స్టాండర్డ్ ఇల్లయితే ఒక బెడ్రూమ్‌కు రాత్రికి 10, డీలక్స్ అయితే 15.

చాలామంది తప్పు పట్టుకునేది ఇక్కడే. ఇది శాతం కాదు. ఎండాకాలం గిరాకీ లేక మీరు రాత్రికి 150కే ఇచ్చినా పది పదే, డిసెంబర్‌లో 600కు ఇచ్చినా పదే. ఎంతమంది పడుకున్నారన్నది కూడా లెక్కకు రాదు. చూసేది బెడ్రూములు, రాత్రులు. రెండు బెడ్రూముల స్టాండర్డ్ ఫ్లాట్ నెలలో 20 రాత్రులు నిండితే 2 ఇంటూ 10 ఇంటూ 20, అంటే 400. ఒకే గెస్ట్ వరసగా ఎక్కువ రోజులుంటే మొదటి 30 రాత్రులకే తీసుకోవాలి, ఆ తర్వాత లేదు.

ఈ పైసలు కట్టేది గెస్ట్. వసూలు చేసేది మనం. మరుసటి నెల 15 లోపు డిపార్ట్‌మెంట్‌కు కట్టాలి. మధ్యలో అవి మన చేతిలో ఉంటాయంతే. మన సైట్‌లో పెట్టీ క్యాష్ ఉంటుంది చూడండి, జేబులో ఉన్నా మనది కాదు. అట్లాంటిదే. గెస్ట్ పాస్‌పోర్ట్ వివరాలు డిపార్ట్‌మెంట్ సిస్టమ్‌లో ఎక్కించాలి కాబట్టి ఎన్ని రాత్రులు నిండాయో వాళ్ళకు తెలుస్తుంది.

మా వాడు గెస్టుల దగ్గర పది పది వసూలు చేశాడు. కట్టలేదు. నాలుగు నెలలు! రిమైండర్లు నా మెయిల్‌కు వచ్చాయి. నేను మెయిల్ చూసేది కంపెనీ డ్రాయింగులు వచ్చినప్పుడే. ఐదో నెల ఒక ఆదివారం ఊరికే ఫోన్ కెలుకుతుంటే కనబడింది. కూర్చుని లెక్క వేశాను. ఫ్లాట్ మొత్తం 112 రాత్రులు నిండింది. అందులో ఒక గెస్ట్ వరసగా 42 రాత్రులున్నాడు, అతనికి 30కే లెక్క. 12 తీసేస్తే 100 రాత్రులు, 1,000 దిర్హాములు. ఆలస్యానికి జరిమానా వేరే. మా వాడు మాత్రం ఆ గెస్ట్ దగ్గర 42 రాత్రులకూ, అంటే 420 గుంజాడు. ఆ గెస్ట్ కంప్లయింట్ పెట్టింది కూడా నా పేరు మీదే.

ఫోన్ చేస్తే "కడ్త అన్నా, ఈ నెల టైట్ ఉంది" అన్నాడు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. డిపార్ట్‌మెంట్‌కు అతనెవరో తెలియదు. పర్మిట్ మీద ఉన్నది నా ఎమిరేట్స్ ఐడీ. మా అమ్మాయి ఫీజుకు పక్కన పెట్టిన దాంట్లోంచి తీసి కట్టాను. ఇంట్లో ఏం చెప్పానో మాత్రం అడక్కండి.

వ్యాట్ గురించి ఒక మాట. 5 శాతం వ్యాట్ 2018 నుంచి ఉంది, కానీ ఏడాది ఆదాయం 3,75,000 దిర్హాములు దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఒక్క ఫ్లాట్ పెట్టినవాళ్ళు అక్కడిదాకా పోరు. అబుదాబి, మిగతా ఎమిరేట్ల రూల్స్ వేరే, దుబాయ్ లెక్క అక్కడ పెట్టకండి. మలేషియాలో వినేవాళ్ళకు కూడా ఇలాంటిదే ఉంది, 2017 సెప్టెంబర్ నుంచి గదికి రాత్రికి 10 రింగిట్లు. అక్కడ విదేశీ గెస్టుల దగ్గరే తీసుకుంటారు.

ఇంకా పెట్టాలనుకునేవాళ్ళు ఉంటే, పర్మిట్ లాగిన్, పాస్‌వర్డ్ మీ ఫోన్‌లోనే ఉంచుకోండి. చూసుకునే మనిషి వేరే ఉన్నా సరే, ప్రతి నెల పదో తారీఖున కూర్చుని నిండిన రాత్రులు లెక్కబెట్టి, టూరిజం దిర్హామ్ మీ చేత్తోనే కట్టి, రసీదు దాచుకోండి. పేరు మాత్రమే ఇచ్చి నెలకింత తీసుకుందామంటే నన్ను అడక్కండి, నేను వద్దనే అంటాను.

నేను పర్మిట్ క్యాన్సిల్ చేయించి తాళం మార్చాను. పోయిన నెల కరామాలో ఒక హోటల్లో అతను ఎదురుపడ్డాడు. "అన్నా, చాయ్ తాగుదాం" అన్నాడు. తాగాం. బిల్లు నేనే ఇచ్చాను.